గోడ మీది పోస్టరు – ఫోను మీది పేజీ
(వెబ్‌సైట్ల రూపకల్పనపై కొన్ని ఆలోచనలు)

– ఎం.సి.ఎ. విద్యార్థి, వసతిగృహం పూర్వ విద్యార్థి, విశాఖపట్నం

వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ గురించి ఏదైనా రాసి ఇవ్వమని వార్డెన్‌గారు అడిగినప్పుడు మేము ముందు సి లాంగ్వేజ్ గురించి రాద్దామనుకున్నాం. తర్వాత కృత్రిమ మేధ గురించి రాస్తే బాగుంటుందేమో అనుకున్నాం. కానీ అవి మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. పుస్తకాల్లో దొరకనిది, మనం రోజూ కళ్లతో చూస్తున్నా పాఠంగా ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఒక పేజీని చూడగానే అది మనకు ఎందుకు అర్థమవుతుంది? ఇంకో పేజీ ఎంతసేపు చూసినా ఎందుకు అర్థం కాదు? ఈ వ్యాసం దాని గురించే.

ఇందులో సినిమా పోస్టర్లు వస్తాయి, పోర్టు వస్తుంది, ఉక్కు వస్తుంది. చివర మేము చేసిన ఒక తప్పు కూడా వస్తుంది. ఆ తప్పే లేకపోతే ఈ వ్యాసం రాసేవాళ్లం కాదు.

అమ్మ చదివే పోస్టరు

మా అమ్మకు చదువు రాదు. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. చిన్నప్పుడు గాజువాక నుంచి జగదాంబ జంక్షన్‌కు సిటీ బస్సులో వెళ్తుంటే అమ్మ కిటికీ పక్కన కూర్చుని గోడల మీది పోస్టర్లు మాకు చదివి చెప్పేది. అవును, చదివి చెప్పేది! “ఇది చిరంజీవిది. ఇది దెబ్బలాట సినిమా, ఏటి బాబూ అంత రక్తం పూసీసారు! అదిగో అది ఇంటిల్లిపాదీ చూసేది, సంక్రాంతికి వస్తాది కాబోలు.” పోస్టరు మీద అక్షరాలు మేము కూడబలుక్కునేలోపు బస్సు దాటిపోయేది. అమ్మ మాత్రం ఒక్కటీ తప్పు చెప్పేది కాదు.

అక్షరాలు రాని మనిషి అంత తొందరగా ఎలా చదివింది? ఈ ప్రశ్నకు జవాబు మాకు పీజీలో పాఠాలు వింటున్నప్పుడు తట్టింది. పోస్టరు వేసినవాడు అమ్మను మనసులో పెట్టుకునే వేశాడు. కదిలే బస్సు, మూడు నాలుగు సెకన్లు, చదువు రాని కళ్లు. ఈ మూడింటినీ దాటి విషయం చేరాలి. అందుకని ఒకే ముఖం పెద్దదిగా ఉంటుంది. కత్తీ, ఎర్రరంగూ కనిపిస్తే అది ఫ్యాక్షన్ సినిమా. పసుపూ, పచ్చా, నలుగురు నవ్వే ముఖాలూ ఉంటే కుటుంబ కథ. సినిమా పేరును అచ్చు అక్షరాల్లో కాకుండా దాని స్వభావాన్ని బట్టి గీస్తారు. నిర్మాత, సంగీతం, కెమెరా పేర్లు ఎక్కడుండాలో అక్కడ, అడుగున చిన్నగా ఉంటాయి. ఏది ముందు కనబడాలి, ఏది తర్వాత కనబడాలి అన్న వరస చెదరదు.

ఇది ఆషామాషీ పని కాదు. బాపుగారి మొదటి చిత్రం ‘సాక్షి’ (1967)తో ఈ రంగంలోకి వచ్చిన ఈశ్వర్‌గారు కొన్ని దశాబ్దాలపాటు తెలుగు సినిమాలకు పోస్టర్లు గీశారు. ‘సినిమా పోస్టర్’ పేరుతో ఆ కళ చరిత్రను పుస్తకంగా కూడా రాశారు. 2021లో ఆయన కన్నుమూశారు. వాళ్ల కాలంలో కంప్యూటర్ లేదు. కుంచె ఉంది, రంగు ఉంది, చూసేవాడెవడో తెలిసిన మనసు ఉంది.

మన ఊరి గోడల మీద దీనికి ఇంకో ఉదాహరణ ఉంది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఉద్యమంలో పుట్టిన నినాదం “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు”. నాలుగే మాటలు. ఏం కావాలో, ఎక్కడ కావాలో, ఎవరికి కావాలో, ఎందుకు కావాలో అన్నీ అందులోనే ఉన్నాయి. చదివినవాడు గోడ మీద చదువుకుంటాడు, చదువు రానివాడు చెవితో పట్టుకుంటాడు. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది, 2021 నుంచి ప్రైవేటీకరణ వద్దని మళ్లీ ఉద్యమం లేచింది. ఇన్నేళ్లలో ఆ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. వెబ్ పేజీకి శీర్షిక పెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

వెబ్‌కు పట్టిన సినిమా పిచ్చి

ఇక వెబ్ సంగతికి వద్దాం. 1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో ఈ ఆలోచన చేశారు. 1991లో మొదటి వెబ్‌సైట్ వచ్చింది. అందులో బొమ్మలు లేవు, అక్షరాలు, లింకులు మాత్రమే. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఇంటర్నెట్ సామాన్యులకు అందింది. అప్పట్లో ఫోన్ వైరు మీద, కీచుమనే మోడెంతో నడిచేది.

సామాన్యుడి చేతికి వెబ్ పేజీ దొరకగానే అతడు చేసిన మొదటి పని దాన్ని సినిమాహాలులా అలంకరించడం! 1994లో మొదలై 2009లో మూతపడిన జియోసిటీస్ అనే సైటులో ఎవరైనా ఉచితంగా సొంత పేజీ పెట్టుకునేవారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి పాత పేజీలను దాచిపెడుతోంది కాబట్టి ఆ కాలంనాటివి మేము ఈమధ్య తెరిచి చూశాం. మిణుకుమిణుకుమనే నక్షత్రాలు, తిరిగే భూగోళం, “ఇప్పటివరకు చూసినవారు ఇంతమంది” అనే అంకెల డబ్బా, ఎడమకు పరుగెత్తే అక్షరాలు! ఆ పరుగెత్తే అక్షరాల ఆదేశం పేరు మార్క్వీ. అమెరికాలో థియేటర్ ముందు సినిమా పేరు రాసి, చుట్టూ బల్బులు వెలిగించే చూరును మార్క్వీ అంటారు. మన హాళ్ల ముందు కటౌటుకు దండవేసి సీరియల్ బల్బులు చుట్టడం లాంటిదే ఇదీ.

మొదట మేము ఆ పేజీలు చూసి నవ్వాం. కాసేపటికి నవ్వు ఆగింది. ఎందుకంటే వాటిని చేసినవాళ్లు మనలాంటివాళ్లే. ఎవరూ నేర్పకుండా, తమకు ఇష్టమైన నటుడి కోసమో, పాట కోసమో, రాత్రిళ్లు కూర్చుని పేజీలు కట్టారు.

తెలుగు సినిమాకూ ఇదే జరిగింది. 1999లో మొదలైన ఐడిల్‌బ్రెయిన్ వంటి సైట్లు విడుదలైన సినిమా ఎలా ఉందో తెలుసుకోవడానికి అమెరికాలోని మనవాళ్లకు కిటికీలయ్యాయి. అదే కాలంలో, 1998లో, ‘ఈమాట’ అనే సాహిత్య పత్రిక వెబ్‌లో పుట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా వచ్చింది. సరదాతో వచ్చినవాళ్లు కొందరు, భాష మీద ప్రేమతో వచ్చినవాళ్లు కొందరు, మొత్తానికి తెలుగు పేజీ నిలబడింది.

ఈరోజు ‘ఫస్ట్ లుక్’ పోస్టరు ముందు గోడ మీద పడదు, ఫోనులో పడుతుంది. 24 షీట్ల పోస్టరు బొటనవేలంత అయింది. అయినా మంచి పోస్టరు ఆ సైజులోనూ పనిచేస్తుంది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ పేరు చూడండి. ఎన్ని భాషల్లో విడుదలైనా అవే మూడు అక్షరాలు, ఎంత చిన్నదిగా చేసినా కనబడతాయి. పోస్టరు వాళ్లు ఫోనుకు తగ్గట్టు మారారు. మన దరఖాస్తుల సైట్లు చాలావరకు మారలేదు. 2010లో ఈథన్ మార్కాట్ అనే ఆయన, తెర ఎంతుంటే పేజీ అంతలో సర్దుకునే పద్ధతిని ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అనే పేరుతో వ్యాసంగా రాశారు. అది వచ్చి ఇన్నేళ్లయినా మనం ఇప్పటికీ ఫారం నింపుతూ పేజీని కుడికీ ఎడమకూ లాక్కుంటూనే ఉన్నాం.

ఉక్కు – రెండు అక్షరాలా, అయిదా?

తెలుగులో పేజీ చేసేవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది.

పూర్వం తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో ఫాంటు వాడేవి. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే వార్తకు బదులు పిచ్చి గీతలు కనబడేవి. యూనికోడ్ వచ్చాక ఈ బాధ తీరింది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ప్రతి లిపిలోని ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించే పద్ధతి. అందులో తెలుగుకు 128 గడుల స్థలం ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు ‘గౌతమి’ ఫాంటు రావడంతో మామూలు కంప్యూటర్లలోనూ తెలుగు కనబడసాగింది.

ఇప్పుడు ‘ఉక్కు’ అనే మాట తీసుకుందాం. మన కంటికి రెండు అక్షరాలు. కంప్యూటరుకు మాత్రం అయిదు: ఉ, క, పొల్లు, మళ్లీ క, కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తుకు మూడు కావాలి. అంటే ‘ఉక్కు’ 15 బైట్లు. ఫారంలో పేరు రాసే గడికి ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని కొలత పెడితే తెలుగు పేరు మధ్యలో తెగిపోతుంది.

రెండో చిక్కు ఒత్తులది. ఇంగ్లీషు అక్షరాలు గీత మీద నడుస్తాయి. మనవి మేడలు కడతాయి, పైన గుడి, కింద ఒత్తు. ‘రాష్ట్రం’లో ‘ష’ కింద రెండు ఒత్తులు చేరాలి. వరసకూ వరసకూ మధ్య ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీ వదిలితే మన ఒత్తులు కింది వరస మీద పడతాయి, లేదా తెగిపోతాయి. ఒత్తు తెగితే ‘ఉక్కు’ కాస్తా ‘ఉకు’ అవుతుంది!

ఇందులో మనకు సంతోషించే సంగతి కూడా ఉంది. ఇప్పుడు ఉచితంగా దొరికే గూగుల్ ఫాంట్లలో ‘గురజాడ’, ‘గిడుగు’, ‘ఎన్టీఆర్’ అనే పేర్లతో తెలుగు ఫాంట్లు ఉన్నాయి. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు – ఇద్దరూ జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడినవాళ్లు. వాళ్ల పేర్లున్న అక్షరాలతో పేజీ చేసి, దాన్ని జనానికి అర్థం కాని మాటలతో నింపితే ఏం బాగుంటుంది?

పోర్టు నేర్పిన పాఠం

మా నాన్న పోర్టులో కళాసీ. సెలవుల్లో ఆయనకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు లారీల మీద వెళ్లే కంటైనర్లను చూసేవాళ్లం. ప్రతి కంటైనరు మీదా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ప్రపంచంలో ఏ పోర్టుకు వెళ్లినా ఇదే పద్ధతి. మొదటి మూడు అక్షరాలు సొంతదారువి, నాలుగోది ‘యు’ అయితే సరకు కంటైనరు అని గుర్తు. తర్వాత ఆరు అంకెలు వరస సంఖ్య. చివరి అంకె చుట్టూ చాలావరకు చిన్న డబ్బా గీసి ఉంటుంది. ఆ ఏడో అంకె కాపలాదారు.

ఎలా కాపలా కాస్తుందో లెక్క చేసి చూద్దాం. ‘సి ఎస్ క్యూ యు 305438’ అనే సంఖ్యకు కాపలా అంకె ఎంత? ఈ పద్ధతిలో ‘సి’ విలువ 13, ‘ఎస్’ 30, ‘క్యూ’ 28, ‘యు’ 32. అంకెలకు వాటి విలువే. వరసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256, 512తో గుణించాలి.

అక్షరాలు: 13 + 60 + 112 + 256 = 441.
అంకెలు: 48 + 0 + 320 + 512 + 768 + 4096 = 5744.
మొత్తం 6185. దీన్ని 11తో భాగిస్తే శేషం 3. అదే కాపలా అంకె. (శేషం 10 వస్తే 0 వేస్తారు.)

ఇప్పుడు గుమాస్తా తొందరలో 305438కి బదులు 350438 అని రాశాడనుకోండి. మొత్తం 6025 అవుతుంది, శేషం 8 వస్తుంది. కంటైనరు మీద 3 ఉంది, ఇక్కడ 8 వచ్చింది. తప్పు అక్కడికక్కడే దొరికిపోయింది.

ఇందులోని మర్యాద గమనించారా? మనిషి తప్పు చేస్తాడని ఈ పద్ధతిని కట్టినవాళ్లకు ముందే తెలుసు. తప్పు చేసినవాణ్ని తిట్టకుండా, తప్పు ముందుకు పోకుండా ఆపే ఏర్పాటు చేశారు. ఒక పెట్టెకే అంత జాగ్రత్త తీసుకుంటే, ఒక పిల్లవాడి సంవత్సరం చదువుకు ఎంత తీసుకోవాలి?

మేము చేసిన తప్పు

మా పక్క ట్రంకుపెట్టె తమ్ముడు ఒకడుండేవాడు. మాకంటే చదువులో చురుకు. కళాశాల ప్రవేశానికి ఒక సైటులో దరఖాస్తు చేయాలి, ఆరోజే ఆఖరి తేదీ. “అన్నా, నువ్వు కంప్యూటర్ సైన్సు కదా, నువ్వే నింపు” అని ఫోను మా చేతికిచ్చాడు. గంటసేపు కూర్చుని నింపాం. కింద పెద్ద పచ్చరంగు బటను, దాని మీద ‘సేవ్’ అని ఉంది. నొక్కాం. ‘విజయవంతంగా సేవ్ అయింది’ అని ఇంగ్లీషులో వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాం. ఇద్దరం బయటికెళ్లి టీ తాగి వచ్చాం.

జాబితా వచ్చిన రోజున అతని పేరు లేదు. సహాయ కేంద్రానికి వెళ్తే అక్కడి ఉద్యోగి అదే పేజీని పెద్ద కంప్యూటర్లో తెరిచి చూపించారు. కుడివైపు అంచున, ఫోనులో మాకు కనబడని చోట, బూడిదరంగు అక్షరాలతో ఇంకో బటను ఉంది – ‘ఫైనల్ సబ్మిట్’. “ఇది నొక్కలేదు బాబూ” అన్నారాయన. అప్పటికి చేయగలిగిందేమీ లేదు.

అతని అమ్మ మమ్మల్ని తిట్టలేదు. “నువ్వు అదే చదువు చదువుతున్నావు కదా నాయినా, నీకూ తెలీలేదా?” అని మాత్రం అడిగింది. ఆ మాటకు ఈరోజుకీ మా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాదంతా ఆ తమ్ముడు ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులో పనిచేశాడు. మరుసటి సంవత్సరం మళ్లీ దరఖాస్తు పెట్టాడు. మేము పక్కన కూర్చున్నాం గానీ ఫోను మాత్రం ఇవ్వలేదు. “అన్నా, ఈసారి నేనే నొక్కుతాను” అన్నాడు. నొక్కాడు. సీటు వచ్చింది. ఇప్పుడు చదువుకుంటున్నాడు.

తప్పు మాది. జాగ్రత్తగా చూడలేదు. కానీ ఆ పేజీ కట్టినవాళ్లు, ఆఖరి పని ఆఖరున, అందరికీ కనబడేట్టు పెట్టి ఉంటే, ‘ఇంకా ఒక మెట్టు ఉంది’ అని ఒక్క ముక్క రాసి ఉంటే, పోస్టరు వేసినవాడు అమ్మను తలుచుకున్నట్టు వాళ్లు ఆ తమ్ముణ్ని తలుచుకుని ఉంటే, ఒక సంవత్సరం మిగిలేది. ఇదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న సంగతి: పేజీకి అందం అంటే మెరుపు కాదు, దాన్ని వాడవలసిన ఆఖరి మనిషికి కూడా దారి కనబడడం.

ఆరు పరీక్షలు

మీలో కొందరు రేపు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తారు. కొందరు ఆఫీసుల్లో ఫారాలు తయారుచేస్తారు. కొందరు మన వసతిగృహం నోటీసు బోర్డు మీద నోటీసు రాస్తారు. అందరికీ ఇవి పనికొస్తాయి.

1. బస్సు పరీక్ష: పేజీని స్నేహితుడికి మూడు సెకన్లు చూపించి దాచేయండి. అది దేని గురించో అతను చెప్పగలిగితే శీర్షిక సరిగ్గా ఉన్నట్టు.

2. అమ్మ పరీక్ష: ఇంట్లో చదువు తక్కువైనవాళ్లకు ఫోను ఇచ్చి, “ఎక్కడ నొక్కుతావు?” అని అడగండి. నోటితో సాయం చేయకండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో అక్కడ మీ తప్పు ఉంది.

3. ఎండ పరీక్ష: మధ్యాహ్నం బీచ్‌రోడ్డు మీద నిలబడి పేజీని చదవండి. తెల్లటి నేల మీద లేత బూడిద అక్షరాలు మాయమవుతాయి. మామూలు సైజు అక్షరానికీ నేలకూ మధ్య వెలుతురు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

4. బొటనవేలు పరీక్ష: ఒక చేత్తో ఫోను పట్టుకుని, అదే చేతి బొటనవేలితో పని పూర్తిచేయండి. పేజీని పక్కకు లాగవలసి వస్తే అది ఫోను కోసం కట్టిన పేజీ కాదు.

5. ఒత్తు పరీక్ష: ‘ఉక్కు’, ‘రాష్ట్రం’, ‘శ్రీకృష్ణ’ అని టైపు చేసి, పైనా కిందా ఏమీ తెగకుండా ఉన్నాయేమో చూడండి.

6. కాపలా పరీక్ష: కావాలని తప్పు నింపండి. ‘చెల్లదు’ అని ఊరుకుంటుందా, ఎక్కడ తప్పో చెబుతుందా? పని సగంలో ఉంటే సగంలో ఉందని, అయిపోతే అయిపోయిందని చెబుతుందా?

చివరగా ఒక ఇంటిపని

కంప్యూటర్ లేదని బాధపడకండి. నోటుపుస్తకంలో ఫోనంత గడి గీయండి. అందులో మన వసతిగృహానికి ఒక పేజీ వేయండి. ఈ ఏడాది ఏయే దరఖాస్తులకు ఆఖరి తేదీ ఎప్పుడు, ఏయే సర్టిఫికెట్లు కావాలి, ఎవరిని అడగాలి – ఈ మూడే ఉండాలి. ఏది పెద్దగా రాయాలో, ఏది చిన్నగా రాయాలో మీరే తేల్చుకోండి. గీసినవన్నీ భోజనాల గది గోడకు అంటించండి. కంచం పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు దేన్ని చదువుతున్నారో గమనించండి. అందరూ చదివినదాన్ని పూర్వ విద్యార్థులమంతా కలిసి నిజమైన వెబ్ పేజీగా కడతాం. ఇది మా మాట.

ఆ పేజీలో బటను ఒక్కటే ఉంటుంది. అది కుడివైపు అంచున ఉండదు. దాన్ని మొదట నొక్కి చూడవలసిందిగా ఆ వెల్డింగ్ షాపు తమ్ముణ్ని ఇప్పటికే అడిగాం. వస్తానన్నాడు.